సీసా ఒకటే, సరిహద్దులే వేరు

చవక లాగర్ బీరు రుచి దేశమంతటా దాదాపు ఒకటే. ధర మాత్రం చెక్‌పోస్టు దాటితే మారిపోతుంది. సోలన్ కొండల నుంచి యానాం గోదావరి గట్టు దాకా ఆ సీసా వెంట ఒక ప్రయాణం

కాల్కా నుంచి సిమ్లా వెళ్లే బుల్లి రైలు బరోగ్ పొడవాటి సొరంగం దాటి, సోలన్ ఊరు కూడా దాటాక ఒక చిన్న స్టేషన్ వస్తుంది. దాని పేరు సోలన్ బ్రూవరీ. ఊళ్ల పేర్లు, నదుల పేర్లు, నాయకుల పేర్లు పెట్టుకున్న స్టేషన్లు మన దేశంలో వేలల్లో ఉన్నాయి. బీరు ఫ్యాక్టరీ పేరు పెట్టుకున్న స్టేషన్ చూడాలంటే మాత్రం ఇక్కడికి రావాలి. ఈ లైను 1903లో మొదలైంది. బ్రూవరీ అప్పటికే చాలా ఏళ్లుగా ఇక్కడ ఉంది. అంటే బీరు రైలు దగ్గరికి పోలేదు, రైలే బీరు దగ్గరికి వచ్చింది.

కథ 1855లో పక్కనే ఉన్న కసౌలీలో మొదలవుతుంది. ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి అక్కడ బ్రూవరీ పెట్టాడు. ఎండ తట్టుకోలేక అల్లాడుతున్న తెల్ల సిపాయిలకు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో బీరు తెప్పించడం ఖర్చుతో కూడిన పని. అదేదో ఇక్కడే తయారుచేస్తే పోలేదా అన్నది ఆయన ఆలోచన. మంచి ఊటనీరు దొరకడంతో బీరు తయారీ సోలన్‌కు మారింది. కసౌలీలో విస్కీ బట్టీ మిగిలింది. ఆ డయ్యర్ కొడుకే రెజినాల్డ్ డయ్యర్. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులకు ఆదేశాలిచ్చిన అధికారి. తండ్రి పెట్టిన బీరు ఇప్పటికీ దొరుకుతుంది. కొడుకు చేసిన గాయం ఇంకా మానలేదు. ఒకే ఇంటి నుంచి దేశానికి అందిన రెండు వారసత్వాలు ఇవి.

సోలన్‌లో పుట్టిన బీరు పేరు లయన్. ఆసియాలో తొలి బీరు అదేనంటారు. మొదట్లో అది ఇంగ్లిష్ పద్ధతిలో చేసిన చేదు ఎయిల్. 1949లో కంపెనీ ఎన్.ఎన్. మోహన్ చేతికి వచ్చింది. మోహన్ మీకిన్ అన్న పేరు 1960లలో స్థిరపడింది. లయన్ కూడా లాగర్‌గా మారింది ఆ దశాబ్దంలోనే. ఆ తర్వాత అదే కంపెనీ గోల్డెన్ ఈగిల్ దేశమంతా ఏలింది. 1980లలో కింగ్‌ఫిషర్ వచ్చి దాన్ని పక్కకు నెట్టేదాకా మధ్యతరగతి మగవాళ్ల ఆదివారం మధ్యాహ్నాల మీద పెత్తనం దానిదే. దేశ విభజన ఈ వ్యాపారాన్ని కూడా విడదీసింది. డయ్యర్ కుటుంబం చొరవతోనే 1860లో మొదలైన మర్రీ బ్రూవరీ పాకిస్తాన్‌లో మిగిలిపోయింది. మద్య నిషేధం ఉన్న ఆ దేశంలో కూడా ముస్లిమేతరుల పేరున అది ఇప్పటికీ బీరు చేస్తూనే ఉంది.

చల్లదనమే దాని రుచి

లాగర్ అంటే జర్మన్ భాషలో నిల్వ అని అర్థం. ఎయిల్ వెచ్చగా, త్వరగా పులుస్తుంది. లాగర్‌కు తొందర ఉండదు. దాని ఈస్టు పది డిగ్రీల చలిలో, తొట్టి అడుగున చేరి నింపాదిగా పని చేసుకుపోతుంది. తర్వాత ఆ బీరును ఇంకా చల్లగా కొన్ని వారాలపాటు నిల్వ ఉంచుతారు. గడ్డి రంగులో తేటగా మెరిసే ఇప్పటి లాగర్‌కు మూలం 1842లో బొహీమియాలోని పిల్సెన్ పట్టణంలో జోసెఫ్ గ్రోల్ చేసిన బీరు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మంచును కోసి నేలమాళిగల్లో పేర్చుకునే దేశాలకే ఆ రోజుల్లో ఇది సాధ్యమయ్యేది. 1870లలో కార్ల్ ఫన్ లిండే శీతలీకరణ యంత్రం తయారుచేశాక మంచుతో పని లేకుండా పోయింది. మే నెలలో 44 డిగ్రీలు కాసే సంగారెడ్డిలో ఈనాడు లాగర్ తయారవుతోందంటే ఆ యంత్రం పుణ్యమే.

మన చవక లాగర్‌ను తక్కువ చేసి మాట్లాడటం ఈ మధ్య ఒక ఫ్యాషన్. 2010 తర్వాత బెంగళూరులో వీధికొకటిగా వెలిసిన మైక్రోబ్రూవరీలలో గోధుమ బీరు, నారింజ తొక్కల వాసన గురించి మాట్లాడుకునే తరం వచ్చింది. వాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. చవక బీరులో అంతా బార్లీ మాల్టే ఉండదు. బియ్యం నూకలు, మొక్కజొన్న, చక్కెర కూడా పడతాయి. చేదునిచ్చే హాప్స్ మన దేశంలో పెద్దగా పండవు. అందుకని పొదుపుగా వేస్తారు. ఫలితం పలుచటి, కొద్దిగా తీపి తగిలే, చేదు తక్కువైన పానీయం.

కానీ మన వాతావరణానికి, మన తిండికి కావలసింది కూడా సరిగ్గా అదే. పచ్చిమిర్చి దట్టించిన చికెన్ పకోడి, నిమ్మకాయ పిండి ఉల్లిపాయ చల్లిన పల్లీలు, మిరియాలు అద్దిన ఉడకబెట్టిన గుడ్డు. వీటి పక్కన ఘాటైన, గంభీరమైన బీరు పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. పలుచటి లాగర్ అయితే నోరు కడిగి, మంట తగ్గించి, తర్వాతి ముద్దకు దారి ఇస్తుంది. అందులో నూకలు పడ్డాయని ముక్కు విరవడం అన్నం తినే జాతి చేయవలసిన పని కాదు. చవక లాగర్‌కు ఉన్న ఒకే ఒక షరతు చల్లదనం. అందుకే దేశంలో ఏ కౌంటరు దగ్గర నిలబడినా మొదట వినిపించేది బ్రాండ్ పేరు కాదు. కూలింగ్ ఉందా అన్న ప్రశ్న. సీసా వెచ్చబడితే ఈ బీరులోని లోపాలన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. కాబట్టి తాగేవాళ్లు ఒకే పెద్ద సీసాను ఇద్దరు పంచుకుంటారు. 650 మిల్లీలీటర్ల గోధుమ రంగు సీసా మన దేశంలో ఇంతగా స్థిరపడిందంటే దాని వెనక పంచుకునే ఈ అలవాటుకూ భాగముంది.

ఆ సీసాకు కూడా ఒక జీవితం ఉంది. ఖాళీ అయ్యాక అది చెత్తబుట్టలోకి పోదు. పాత పేపర్లు, పాత సీసాలు కొంటామని కేకేస్తూ వచ్చేవాడి బండి ఎక్కుతుంది. అక్కడి నుంచి గోదాముకు, గోదాము నుంచి బ్రూవరీకి చేరి, కడిగించుకుని మళ్లీ నిండుతుంది. మెడ చుట్టూ, నడుము చుట్టూ తెల్లగా గీసుకుపోయిన సీసా కనిపిస్తే అది చాలాసార్లు ప్రయాణం చేసిందని అర్థం. చవక బీరు చవకగా ఉండటానికి కనిపించకుండా పని చేసే చేతుల్లో ఈ సీసాల బండివాడి చేతులు ముఖ్యమైనవి.

ఇంకో సంప్రదాయం కూడా చెప్పుకోవాలి. నీళ్లు నింపిన గ్లాసులో బీరు సీసాను తలకిందులుగా ముంచితే అందులోంచి ఏదో చిక్కటి ద్రవం తీగలా జారి గ్లాసు అడుక్కు చేరుతుంది. గ్లిజరిన్ దిగిపోయిందని, ఇక తలనొప్పి రాదని పాతకాపులు విదేశీ టూరిస్టులకు పాఠం చెబుతుంటారు. నిజానికి పులియగా మిగిలిన చక్కెరల వల్ల బీరు నీటికంటే కాస్త బరువు. కిందికి జారేది బీరే. పైకి వెళ్లేది నీళ్లు. అంతా అయ్యాక మిగిలేది కొంచెం పలుచబడిన బీరు. బహుశా తలనొప్పి తగ్గడానికి అసలు కారణం అదే కావచ్చు.

తీస్తా ఒడ్డున, మండోవి ఒడ్డున

కొండల్లో మొదలైన బీరును దేశవ్యాప్తం చేసిన ఘనత దక్షిణాదిది. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ వ్యక్తి దక్షిణ భారతంలోని అయిదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించాడు. ఎడ్ల బళ్ల మీద పీపాలు పెట్టి మద్రాసు, బెంగళూరు, నీలగిరుల్లోని దండులకు బీరు పంపేవారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది విఠల్ మాల్యా డైరెక్టరయ్యాడు. 1978లో కింగ్‌ఫిషర్ కొత్త రూపంలో బజారుకొచ్చింది. లకుముకిపిట్ట బొమ్మ క్యాలెండరెక్కింది, క్రికెట్ మైదానమెక్కింది, కొన్నాళ్లు విమానం కూడా ఎక్కింది. విమానాలు 2012లో నేలకు దిగాయి. 2021లో కంపెనీ పగ్గాలు డచ్ సంస్థ హైనెకెన్ చేతికి వెళ్లాయి. పిట్ట మాత్రం సీసా మీద అలాగే వాలి ఉంది.

దేశం నలుమూలలకూ ఈ పిట్ట ఎగిరినా కొన్ని మూలలు తమ సొంత బీరును వదులుకోలేదు. సిక్కిం అలాంటిది. పశ్చిమ బెంగాల్ దాటి తీస్తా మీది వంతెన ఎక్కితే మెల్లి అనే చిన్న ఊరు. యుక్సోమ్ బ్రూవరీస్ అక్కడే ఉంది. 1987లో దాన్ని పెట్టింది హిందీ సినిమా విలన్ డానీ డెంజోంగ్‌పా. తెరమీద కాంచా చీనాగా మనల్ని భయపెట్టిన మనిషి తెర వెనక ఈశాన్యానికి డాన్స్‌బర్గ్, హిట్ అనే లాగర్లు అందించాడు. గ్యాంగ్‌టక్‌లో ఏ చిన్న హోటల్లో కూర్చున్నా ఒక బల్ల మీద డాన్స్‌బర్గ్ సీసా, పక్క బల్ల మీద వెదురు గొట్టంలో తోంగ్బా కనిపిస్తాయి. తోంగ్బా అంటే పులియబెట్టిన రాగుల మీద వేడినీళ్లు పోసి సన్నటి గొట్టంతో పీల్చే పానీయం. ఒకటి పొగలు కక్కుతుంది, ఇంకొకటి చెమటలు కక్కుతుంది. చలి దేశంలో చల్లటి బీరు ఎందుకంటే, అక్కడ కూడా కుర్రకారుకు కావలసింది తాతల తోంగ్బా ఒక్కటే కాదు కనుక.

ఇటు గోవా. తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ పూర్తి చేసిన ప్రతి కుర్ర బృందం జీవితంలో ఒక్కసారైనా వేసుకునే పథకం గోవా ట్రిప్. సముద్రం కాకినాడలో లేదా అంటే ఉంది. అక్కడ లేనిది ఆ రేటు. గోవాలో బీరు మీద సుంకం చాలాకాలంగా ఇరుగుపొరుగు రాష్ట్రాలకంటే తక్కువ. 1961 దాకా పోర్చుగీసు పాలనలో ఉన్న ఆ నేల మీద తాగుడు తప్పుగా కాక తిండిలో భాగంగా చూసే అలవాటు ఉంది. పాత పంజిమ్ వీధుల్లో నాలుగు బల్లల తవెర్నాలో పెద్దాయన ఒక్కడే కూర్చుని, ఒక బీరు ముందు పెట్టుకుని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుంటాడు. ఆయన్ను ఎవరూ తొందర పెట్టరు. ఆయన కూడా దాక్కోడు. చవక లాగర్‌ను ఆస్వాదించడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే బాగా బీచిలో కేరింతలు కొట్టే మన కుర్రాళ్లను కాదు, ఈయన్ను చూడాలి.

అదే గోవాతోపాటు 1961లో భారత్‌లో కలిసిన దమన్‌ది ఇంకో కథ. 1960లో పుట్టిన నాటి నుంచీ మద్యనిషేధం ఉన్న గుజరాత్‌కు అంటుకుని ఉండటంతో ఆ చిన్న ఊరు శని, ఆదివారాల్లో గుజరాతీ కార్లతో కిటకిటలాడుతుంది. అక్కడి బార్లలో పేపరు చదివే పెద్దాయనలు తక్కువ. సోమవారం ఉదయానికి సరిహద్దు దాటాలి కాబట్టి అందరికీ తొందరే.

ఒక్కో రాష్ట్రం ఒక్కో దేశం

సబ్బు, సిమెంటు, సెల్‌ఫోను. వీటి మీద పన్ను కన్యాకుమారిలోనూ కాశ్మీరులోనూ ఒకటే. 2017లో వచ్చిన జీఎస్టీ చేసిన పని అది. మనిషి తాగే మద్యాన్ని మాత్రం దాని పరిధి నుంచి తప్పించారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 8వ అంశం మద్యం తయారీ, అమ్మకాల మీద అధికారాన్ని, 51వ అంశం దాని మీద ఎక్సైజ్ సుంకాన్ని రాష్ట్రాలకు అప్పగించాయి. అదే రాజ్యాంగంలోని 47వ అధికరణం మత్తు పానీయాలను నిషేధించే దిశగా ప్రభుత్వం కృషి చేయాలంటుంది. ఒక చేత్తో సుంకం వసూలు చేస్తూ, ఇంకో చేత్తో మానమని చెప్పే ఈ విచిత్రం అన్ని పార్టీల ప్రభుత్వాలకూ బాగా అలవాటైపోయింది. జీఎస్టీ తర్వాత రాష్ట్రాలు సొంతంగా రేటు నిర్ణయించుకోగల పెద్ద పద్దులు కొన్నే మిగిలాయి. పెట్రోలు, రిజిస్ట్రేషన్లు, మద్యం. కొత్త పథకానికి డబ్బు కావాలంటే ఆర్థికమంత్రి చూపు ఎటు మళ్లుతుందో చెప్పనక్కర్లేదు.

దాని ఫలితం ఎలా ఉంటుందో తెలంగాణలో చూడొచ్చు. హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద సంగారెడ్డి జిల్లాలోకి వెళితే దేశంలోని పెద్ద కంపెనీల బ్రూవరీలు కనిపిస్తాయి. బీరు ఫ్యాక్టరీకి కావలసినవి నీళ్లు, రోడ్డు, దగ్గర్లో దాహం. ఇక్కడ మూడూ ఉన్నాయి. నీళ్ల మాట తేలికైనది కాదు. ఆధునిక బ్రూవరీల్లో కూడా లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్ల నీరు ఖర్చవుతుంది. 2016 కరువులో మరాఠ్వాడాలోని బీరు, మద్యం ఫ్యాక్టరీల నీటిలో సగానికిపైగా కోత పెట్టాలని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఆదేశించాల్సి వచ్చింది.

సంగారెడ్డిలో తయారైన సీసా పక్కనే ఉన్న వైన్స్‌కు నేరుగా పోలేదు. కంపెనీ దాన్ని ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కు అమ్మాలి. కార్పొరేషన్ దుకాణదారుకు అమ్ముతుంది. కంపెనీకి ఎంత ఇవ్వాలో, తాగేవాడి దగ్గర ఎంత తీసుకోవాలో రెండూ ప్రభుత్వమే చెబుతుంది. 2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2019-20 నుంచి తమకిచ్చే ధర పెంచలేదని, బకాయిలు పేరుకుపోయాయని దాని ఫిర్యాదు. రెండు వారాలు తిరక్కుండానే సరఫరా మొదలైంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం కంపెనీలకిచ్చే ధరను 15 శాతం పెంచింది. ఆ పెంపు ఎవరి జేబులోంచి వచ్చిందో పర్మిట్ రూమ్‌లో నిలబడి తాగేవాళ్లకు తెలుసు.

కంపెనీలేమీ పాలుగారే పసిపాపలు కావు. కొన్నేళ్లపాటు తమలో తాము మాట్లాడుకుని ధరలు నిర్ణయించాయన్న కేసులో 2021 సెప్టెంబరులో కాంపిటీషన్ కమిషన్ యునైటెడ్ బ్రూవరీస్, కార్ల్స్‌బర్గ్ ఇండియా తదితరులకు 873 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. 2022లో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని సమర్థించింది. ధర పెట్టేది ప్రభుత్వమైనా, ఎంత అడగాలో కంపెనీలు కూడబలుక్కున్నాయన్నది ఆరోపణ సారాంశం. ఇద్దరి మధ్య నలిగేది పర్మిట్ రూమే.

ఆ పర్మిట్ రూమ్‌ను ఒకసారి చూడాలి. వైన్స్ పక్కన రేకుల షెడ్డు, ఎత్తు బల్లలు, ప్లాస్టిక్ గ్లాసులు, మూలన గుగ్గిళ్లూ ఆమ్లెట్లూ అమ్మే స్టవ్వు. మేస్త్రీ, ఆటో డ్రైవరు, మెడికల్ రెప్రజెంటేటివ్ ఒకే బల్లకు మోచేతులు ఆనించి నిలబడతారు. నిలబడి తాగేవాడు ఎక్కువసేపు ఉండలేడు. ఉండకూడదన్నదే ఏర్పాటు. గోవా పెద్దాయనకు ఒక సీసాతో గంటన్నర గడిస్తే ఇక్కడ పది నిమిషాల్లో పని ముగుస్తుంది. అంత తక్కువ సమయంలో, అంత ధర పెట్టి, మనిషి ఏం కోరుకుంటాడు?

స్ట్రాంగ్ కోరుకుంటాడు. మన దేశంలో అమ్ముడయ్యే బీరులో అయిదింట నాలుగు వంతులు స్ట్రాంగే. లైట్ బీరులో ఆల్కహాల్ 5 శాతం లోపు. స్ట్రాంగ్‌లో 8 శాతం దాకా. చాలా రాష్ట్రాల్లో సుంకం ప్రధానంగా సీసాకో లీటరుకో ధరకో ముడిపడి ఉంటుంది. ఆల్కహాల్ ఎంత ఉందన్నదానికి కాదు. లైట్‌కు, స్ట్రాంగ్‌కు వేరు రేట్లున్నచోట కూడా అంగట్లో తేడా తరచూ సీసాకు పది ఇరవై రూపాయలే.

ఇప్పుడు లెక్క చూడండి. 650 మిల్లీలీటర్ల లైట్ సీసాలో ఉండే శుద్ధ ఆల్కహాల్ సుమారు 32 మిల్లీలీటర్లు. 8 శాతం స్ట్రాంగ్‌లో 52. మన విస్కీ, రమ్ముల్లో మామూలుగా ఉండే 42.8 శాతం చొప్పున 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది 26కు కాస్త తక్కువ. అంటే బీరే కదా అనుకుని ఒక స్ట్రాంగ్ సీసా దించినవాడు రెండు పెద్ద పెగ్గులు తాగినట్టు. అదే లైట్ తాగితే పెగ్గుంపావు. పది రూపాయల తేడాతో రెండోది వదిలి మొదటిది కొనేవాడిని తెలివితక్కువవాడని ఎలా అంటాం? ప్రభుత్వం పెట్టిన పరీక్షలో అతను సరైన జవాబే రాశాడు. ఆల్కహాల్ ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ధరల పట్టిక మాత్రం ఎక్కువ మోతాదు ఉన్న సీసాకే బహుమతి ఇస్తోంది. తేటగా, తేలికగా, నింపాదిగా తాగడానికి పుట్టిన పానీయం అలా కిక్కు కోసం కళ్లు మూసుకుని మింగే మందుగా మారింది.

కల్యాణపురం నుంచి కౌంటరు దాకా

తెలుగువాళ్లకు ఈ సరిహద్దు రాజకీయం అర్థం కావాలంటే గోవా దాకా పోనక్కర్లేదు. కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. గౌతమి గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్లది. ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఆంధ్రప్రదేశ్. మాట, తిండి, చుట్టరికాలు అన్నీ గోదావరివే. చట్టం ఒక్కటే వేరు.

చట్టం వేరైనచోటికి జనం నడిచి రావడం యానాంకు కొత్త కాదు. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930లో బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పిల్లలను తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసి వెళ్లేవారు. దానితో ఊరికి కల్యాణపురమన్న పేరొచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలుచేసినప్పుడు అదే దారిన మందుబాబులు నడిచారు. బస్సు దిగడం, చల్లటి సీసా అందుకోవడం, గట్టు మీద కూర్చోవడం, చివరి బస్సుకు తిరిగి వెళ్లడం.

ఆ నిషేధం ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోతే ఈ కథ సగమే చెప్పినట్టు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూడిన ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. తర్వాత సంపూర్ణ నిషేధం. 1997లో ఖజానా ఖాళీ అయిందంటూ దాన్ని ఎత్తేశారు. ఆ ఆడవాళ్ల కోపం బీరు మీద కాదు. కూలి డబ్బు ఇంటికి చేరకుండా చేసే దేని మీదైనా. చవక బీరు గురించి ముచ్చటగా రాసుకునే ఏ వ్యాసమైనా దూబగుంట ముందు ఒక్క నిమిషం ఆగవలసిందే. సీసా ధరలో మూడొంతులు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న తాగేవాడికంటే ముందు ఆ ఇంటి ఇల్లాలిది.

ఇటీవలి చరిత్ర కూడా అదే పాఠం చెబుతుంది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. లాక్‌డౌన్ సడలించిన 2020 మే మొదటి వారంలో రెండు రోజుల్లో ధరలు 75 శాతం పెంచింది. తాగుడు మాన్పించడానికేనని చెప్పింది. తెలిసిన బ్రాండ్లు మాయమై, ఎన్నడూ వినని పేర్లు కౌంటర్లలో కనిపించాయి. బయటి రాష్ట్రాల నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చా లేదా అన్న వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. పుదుచ్చేరి మాత్రం ఆ నెలలోనే ఇంకో పని చేసింది. పక్క రాష్ట్రాల జనం వచ్చిపడతారన్న భయంతో కోవిడ్ పన్ను వేసి తన ధరలను పొరుగు ధరలకు సమానం చేసింది. యానాం చరిత్రలో చట్టానికి, ధరకు సరిహద్దు లేని అరుదైన రోజులవి. 2021లో ఆ పన్ను తీసేయగానే గట్టు మీదికి జనం మళ్లీ వచ్చారు. 2024 అక్టోబరులో ఆంధ్రలో ప్రైవేటు దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి. పాత బ్రాండ్లు తిరిగొచ్చాయి. యానాం దారిలో రద్దీ కొంత తగ్గినా ఆగలేదు.

పరిష్కారం మరీ అంతుచిక్కనిదేమీ కాదు. సీసాను బట్టి కాకుండా అందులోని ఆల్కహాల్‌ను బట్టి సుంకం వేస్తే లైట్ బీరు చవకవుతుంది, స్ట్రాంగ్ ప్రియమవుతుంది. ఖజానాకు నష్టం రాకుండా రేట్లు సర్దుకోవచ్చు. బీరు కంపెనీలు ఈ మాట చాలా ఏళ్లుగా అంటున్నాయి. వాటి స్వార్థం వాటికుంది. విస్కీ కంపెనీల నుంచి గిరాకీ లాక్కోవాలని వాటి ఆశ. అయినంత మాత్రాన లెక్క తప్పయిపోదు. అడ్డు ఎక్కడంటే బీరు రేటు తగ్గించిన ముఖ్యమంత్రి అన్న పేరు ఎవరికీ అక్కర్లేదు. రేటు పెంచితే మద్యాన్ని నియంత్రించినట్టు ప్రకటన ఇవ్వొచ్చు, ఆదాయమూ పెరుగుతుంది. అందుకని ప్రతి ప్రభుత్వమూ రెండోదే ఎంచుకుంటోంది.

సాయంత్రం అయిదు దాటాక యానాం గట్టు మీద గాలి తిరుగుతుంది. కాగితంలో చుట్టిన రొయ్యల వేపుడు మధ్యలో పెట్టుకుని నలుగురు రెండు లైట్ సీసాలు పంచుకుంటుంటారు. ఎవరూ తొందరపడరు. అవతల ఒడ్డున కోనసీమ కొబ్బరిచెట్లు నల్లబడే దాకా మాటలు సాగుతాయి. ఇదే నలుగురు రేపు తమ ఊరి దుకాణం దగ్గర నిలబడితే చెరొక స్ట్రాంగ్ అడుగుతారు. మనుషులు మారలేదు, బీరూ మారలేదు. ఊరి పొలిమేర దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉన్న చెక్‌పోస్టు గడకర్ర ఒక్కటే మధ్యలో ఉంది.